గేటు దాటి కుర్చీలో కూర్చునేదాకా

మీ ఉత్తరం చదివాను. మీ వయసు 34. సొంతూరు ఒంగోలు దగ్గర, బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఇంజనీరు ఉద్యోగం. రోజూ రాత్రి ఒక హాఫ్ తాగుతారు, సెలవు రోజైతే పొద్దున్నే మొదలవుతుంది. భార్య పాపను తీసుకుని పుట్టింటికి వెళ్లి రెండు నెలలైంది. డాక్టరు మిమ్మల్ని ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే ఏఏ మీటింగులకు వెళ్లమన్నారు. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా కలుసుకునే సంఘం అది. కన్నడం రాదని, ఆఫీసువాళ్లు చూస్తారని, అది మతానికి సంబంధించినదేమోనని మీకు సందేహాలు. పోయిన ఏడాది అయ్యప్ప దీక్షలో 41 రోజులు చుక్క ముట్టలేదు కాబట్టి అసలు మీటింగులు అవసరమా అని కూడా అడిగారు. చివర్లో, "ఈ రోజు నుంచే పూర్తిగా మానేసి, ఆదివారం నాటికి ఐదు రోజులు తాగని మనిషిగా మీటింగుకు వెళ్తాను" అని రాశారు.

ముందు ఆ చివరి మాట గురించే చెప్పాలి. దయచేసి ఇంట్లో ఒక్కరే ఉండి అలా ఆపేయకండి.

ఏళ్ల తరబడి రోజూ తాగిన శరీరానికి మందు ఒక్కసారిగా ఆగిపోతే తట్టుకునే శక్తి ఉండదు. కొన్ని గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, నిద్ర పట్టదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల కొందరికి మతి తప్పుతుంది, లేనివి కనిపిస్తాయి, జ్వరం, గుండెదడ వస్తాయి. దీన్ని డాక్టర్లు డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. లేవగానే తాగితే తప్ప చెయ్యి నిలవని స్థితి మీకు వచ్చి ఉంటే ఈ ప్రమాదం మీకూ ఉంది. ఆసుపత్రిలో అయితే కొన్ని రోజులపాటు మందులిచ్చి, మెల్లగా మోతాదు తగ్గిస్తూ, బి1 విటమిన్ ఎక్కించి ఈ గండం దాటిస్తారు. మీటింగుకు వెళ్లమన్న ఆ డాక్టరుకే ఫోను చేసి, రోజుకు ఎంత తాగుతున్నారో నిజం చెప్పండి. సగానికి తగ్గించి చెప్పే అలవాటు మనందరికీ ఉంటుంది, ఈ ఒక్కసారికి దాన్ని పక్కన పెట్టండి. లేదంటే హోసూరు రోడ్డులోని నిమ్‌హాన్స్ అనే ప్రభుత్వ మానసిక వైద్య ఆసుపత్రికి వెళ్లండి. అక్కడ వ్యసనాల వైద్యానికి ప్రత్యేక విభాగం ఉంది. అనంతపురం, చిత్తూరు వైపుల నుంచి నిమ్‌హాన్స్‌కు వచ్చే మనవాళ్లు చాలామంది. రాత్రిపూట ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416కు చేయండి. అది మానసిక సమస్యల కోసం ప్రభుత్వం 2022లో పెట్టిన టెలీ మానస్ అనే ఫోను సేవ, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

నేను డాక్టరును కాను. తెనాలి దగ్గరి పల్లెవాడిని. 1996లో బెంగళూరు వచ్చి ఒక లారీ ట్రాన్స్‌పోర్టు కంపెనీలో లెక్కలు రాసేవాడిని. పై మాటలు ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, 2007లో నేనూ మాల వేసుకున్న రోజునే మందు ఆపేశాను. మూడో రాత్రి భజనలో కూర్చుని ఉండగా గోడ నిండా చీమలు బారులు కట్టి నా వైపు వస్తున్నట్టు కనిపించాయి. లేచి గోడను అరచేతులతో రుద్దడం మొదలుపెట్టాను. చుట్టూ ఉన్న స్వాములు నాకు పూనకం వచ్చిందనుకుని శరణుఘోష పెంచారు. గురుస్వామి ఒక్కరే నా ఒళ్లు పట్టి చూసి ఆటో పిలిపించారు. ఆసుపత్రిలో నాలుగు రోజులున్నాను. ఆయన ఆ రాత్రి ఆటో పిలవకపోతే ఏమయ్యేదో నేను ఇప్పటికీ తలచుకోలేను.

కోలుకుని దీక్ష పూర్తి చేశాను. కొండకు వెళ్లి వచ్చి, మాల తీసిన రాత్రే బారుకు వెళ్లాను. ఆ తర్వాత రెండేళ్లపాటు నా భార్యతో ఒకే వాదన: "మండలం రోజులు మానేసినవాణ్ని, నన్ను తాగుబోతు అంటావా?" మీ ప్రశ్నలో అదే వాదన వినిపించింది. దీక్షలో మనం మానగలగడం నిజమే. అప్పుడు తెల్లవారుజామున లేపేవాళ్లున్నారు, పక్కన పడుకునే తోటి స్వాములున్నారు, వేళకు పూజ, భిక్ష ఉన్నాయి. నల్లబట్టలు చూసి ఎవరూ గ్లాసు అందించరు. 42వ రోజున ఇవన్నీ ఒకేసారి పోతాయి. మీటింగు 42వ రోజు తర్వాత కూడా ఉంటుంది. నాకు తెలిసి ఈ రెండింటికీ ఉన్న పెద్ద తేడా అదే.

ఇక మీటింగు ఎలా దొరుకుతుందో చెబుతాను. ఏఏ ఇండియా వెబ్‌సైటులో ఊళ్లవారీగా వివరాలు ఉంటాయి. కానీ జాబితా చూసి ఊరుకోకండి, అందులోని నంబరుకు ఫోను చేయండి. గదులు మారుతుంటాయి, వేళలు మారుతుంటాయి, ఆ రోజు ఖాయం చేసుకోవడం మంచిది. ఎత్తే మనిషి సాధారణంగా జీతం తీసుకునే ఉద్యోగి కాదు, మనలాగే తాగి మానినవాడు. "నాకు తాగుడు సమస్య ఉంది, వైట్‌ఫీల్డ్‌లో ఉంటాను, దగ్గరలో మీటింగు ఎక్కడ?" అని అడిగితే చాలు. ఏ భాషలో జరుగుతుందో అడగండి. ఓపెన్ మీటింగో క్లోజ్డ్ మీటింగో అడగండి. ఓపెన్‌కు ఇంటివాళ్లు, స్నేహితులు కూడా రావచ్చు, క్లోజ్డ్‌కు మానాలనుకునేవాళ్లు మాత్రమే వెళ్తారు. అన్నిటికంటే ముఖ్యంగా, గేటు లోపలికి వెళ్లాక ఏ తలుపో అడగండి. ఈ మీటింగులు ఎక్కువగా చర్చి వెనుక గదుల్లో, బడి గదుల్లో, ఆసుపత్రి ఆవరణల్లో అద్దెకో అనుమతి మీదో జరుగుతాయి. బయట పెద్ద బోర్డు ఉండదు. తలుపు ఎక్కడో తెలియక వెనక్కి తిరిగిపోయినవాళ్లు నాకు తెలుసు. "గేటు దగ్గర ఎవరైనా నిలబడగలరా?" అని అడగండి, తప్పకుండా నిలబడతారు.

దూరం విషయంలో నా అభిప్రాయం గట్టిది. మంచి గ్రూపు అని ఎవరో చెప్పారని నగరం అవతలికి వెళ్లే ప్రయత్నం మొదట్లో వద్దు. వారంలో మూడు నాలుగుసార్లు వెళ్లగలిగిన చోటే మీకు మంచి చోటు. ఆఫీసు నుంచి సిల్క్ బోర్డు మీదుగా గంటన్నర ట్రాఫిక్‌లో కూర్చుంటే మూడో వారానికి మనసు సాకులు వెతుకుతుంది. వైట్‌ఫీల్డ్ నుంచి మీకు పర్పుల్ లైను మెట్రో ఉంది కదా, ఆ దారిలో నడిచి చేరుకోగల మీటింగులు ఏవో ఫోనులో అడగండి. ఒకే మీటింగు చూసి నచ్చలేదని మానేయకండి. ఒక్కో గదికి ఒక్కో స్వభావం ఉంటుంది. కనీసం ఐదారు చోట్ల కూర్చుని చూశాక ఒకదాన్ని మీ గ్రూపుగా ఎంచుకోండి.

భాష గురించి. బెంగళూరులో మీటింగులు ఎక్కువగా ఇంగ్లిషు, కన్నడం, తమిళంలో జరుగుతాయి. మీకు ఆఫీసు ఇంగ్లిషు ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. నాకు అది కూడా అంతంతమాత్రమే. నా మొదటి మీటింగు 2009 ఆగస్టులో, శివాజీనగర్ వైపు ఒక బడి గదిలో. వాన పడుతోంది. గేటు ముందు నుంచి మూడుసార్లు అటూ ఇటూ నడిచి, ఎదురుగా ఉన్న బేకరీలో నిలబడిపోయాను. ఒక పెద్దాయన గొడుగుతో రోడ్డు దాటి వచ్చి, తమిళంలో "మీటింగుకా?" అన్నాడు. నేను తలూపాను. ఇంకేమీ అడగకుండా గొడుగు నా వైపు వంచి నడిచాడు. లోపలికి వెళ్లాక స్టీలు గ్లాసులో టీ ఇచ్చాడు. అందరికీ నిండుగా పోసి నాకు సగమే పోశాడు. అవమానంగా అనిపించింది. గ్లాసు పట్టుకున్నాక అర్థమైంది, నా చెయ్యి ఎంత వణికినా ఆ టీ ఒలకలేదు.

మీటింగంతా తమిళంలోనే సాగింది. నాకు పావు వంతు అర్థమై ఉంటుంది. ఒక ఆటో డ్రైవరు లేచి మాట్లాడుతూ, రెండు చేతులూ ముందుకు చాచి ఏదో బరువైన మూతను చప్పుడు కాకుండా ఎత్తి పక్కన పెట్టినట్టు చూపించాడు. గదిలో నలుగురైదుగురు తలలు దించుకున్నారు. అది బాత్‌రూములో ఫ్లష్ ట్యాంకు మూత. నా సీసా కూడా అప్పుడు మా ఇంట్లో అదే ట్యాంకులో, నీళ్లలో నిలబెట్టి ఉంది. ఆ మూత గోడకు తగిలితే వచ్చే చప్పుడు, అది తగలకుండా ఊపిరి బిగబట్టడం, ఇవి ఈ లోకంలో నాకొక్కడికే తెలుసని అనుకునేవాణ్ని. ఆ సాయంత్రం తర్వాత భాష రాదన్న సాకు నాకు మిగల్లేదు.

తెలుగులోనే మనసు విప్పాలనిపిస్తుంది, అది సహజం. హైదరాబాదు గ్రూపులవాళ్లను అడిగితే ఫోనులోనే చేరగల తెలుగు మీటింగుల సంగతి చెబుతారు. అవి కూడా వినండి. కానీ మొదటి మూడు నెలలు గదికి వెళ్లడం మానకండి. తెర ముందు కెమెరా ఆపేసి గ్లాసు పక్కన పెట్టుకుని కూర్చోవచ్చు, గదిలో అది కుదరదు.

లోపల ఏం జరుగుతుందో తెలిస్తే సగం భయం పోతుంది. గంట, గంటన్నర ఉంటుంది. చిన్న మౌనంతోనో ప్రార్థనతోనో మొదలుపెడతారు. ఒకరు నడిపిస్తారు. ఒక్కొక్కరూ తమ పేరు చెప్పి, తాను ఆల్కహాలిక్‌నని చెప్పి, ఐదు పది నిమిషాలు తమ సంగతి చెబుతారు. దాన్ని షేరింగ్ అంటారు. మధ్యలో ఎవరూ అడ్డు రారు, సలహా ఇవ్వరు, వాదించరు. మీ వంతు వస్తే "ఈ రోజు వింటాను" అనండి, చాలు. నేను ఆరు మీటింగులదాకా నోరు విప్పలేదు. రిజిస్టరులో సంతకం, ఆధార్ కార్డు, ఫీజు ఏవీ లేవు. చివర్లో ఒక సంచి తిరుగుతుంది, ఉన్నవాళ్లు పదో ఇరవయ్యో వేస్తారు, అది గది అద్దెకు, టీకి. కొత్తవాళ్లు వేయనవసరం లేదు. బయటి విరాళాలు ఏఏ తీసుకోదు. తాగి వచ్చినా, గొడవ చేయకుండా కూర్చుంటే ఎవరూ పొమ్మనరు. సభ్యుడు కావడానికి తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే కావాలి. అందుకే ఐదు రోజులు మానిన మనిషిగా వెళ్లాలన్న మీ పట్టింపు అనవసరం. ఉన్నట్టుగానే వెళ్లండి.

మీటింగు అయ్యాక వెంటనే లేచి వెళ్లిపోకండి. ఇది చాలా ముఖ్యం. కుర్చీలు సర్దేటప్పుడు, టీ గ్లాసులు కడిగేటప్పుడే అసలు పరిచయాలు అవుతాయి. ఇద్దరు ముగ్గురి ఫోను నంబర్లు తీసుకోండి, ఆ రాత్రే ఒకరికి చేసి "ఇంటికి చేరాను" అని చెప్పండి. తాగాలనిపించినప్పుడు మొదటిసారి ఫోను చేయడం చాలా కష్టం. ముందే ఒకసారి చేసి ఉంటే ఆ బరువు తగ్గుతుంది. కొన్ని వారాలు గడిచాక, కనీసం ఒకటి రెండేళ్లు తాగకుండా ఉన్న ఒకరిని స్పాన్సరుగా ఉండమని అడగవచ్చు. తాగుడు నుంచి బయటపడడానికి ఏఏ చూపే దారిని పన్నెండు మెట్లు అంటారు, వాటి గుండా మనల్ని నడిపించే మనిషి ఆయన. బాగా మాట్లాడేవాణ్ని చూసి ఎంచుకోకండి, మీ ఫోను ఎత్తేవాణ్ని ఎంచుకోండి. ఎవరైనా మీ డాక్టరు ఇచ్చిన మందులు ఆపేయమంటే మాత్రం వినకండి. వైద్యంలో తలదూర్చకూడదన్నది ఏఏ పద్ధతి, అలా చెప్పేవాళ్లు దాన్ని తప్పుతున్నట్టే.

మతం సంగతి. 1935లో అమెరికాలోని ఏక్రన్ అనే ఊళ్లో షేర్ల వ్యాపారంలో దెబ్బతిన్న బిల్, శస్త్రవైద్యుడు బాబ్ కలిసి దీన్ని మొదలుపెట్టారు. ఇద్దరూ తాగుడుతో చితికినవాళ్లే. అప్పటి ఒక క్రైస్తవ బృందం పద్ధతుల ప్రభావం మొదట్లో వాళ్ల మీద ఉంది కాబట్టి మెట్లలో దేవుడి మాట వస్తుంది. కానీ ఎవరికి అర్థమైన దేవుడు వారికి అన్నదే అందులోని మాట. మా గ్రూపులో విభూతి పెట్టుకునేవాళ్లున్నారు, నమాజు వేళ చూసుకుని వచ్చేవాళ్లున్నారు, దేవుణ్ని నమ్మనివాళ్లున్నారు. చర్చి గది అద్దెకు ఇచ్చినంత మాత్రాన అది చర్చి కార్యక్రమం కాదు. అయినా దేవుడి ప్రసక్తే మీకు పడకపోతే, స్మార్ట్ రికవరీ అని ఆ ప్రసక్తి లేని మరో పద్ధతి ఉంది. ఫోనులోనే మీటింగులు దొరుకుతాయి. ఇంజనీరు బుద్ధి రుజువు అడుగుతుంది కాబట్టి ఇది కూడా చెబుతాను. 2020లో కాక్రేన్ అనే సంస్థ 27 అధ్యయనాలను, పదివేలకు పైగా మనుషుల వివరాలను కలిపి చూసింది. తాగకుండా నిలబడే విషయంలో, పద్ధతి ప్రకారం మనిషిని ఏఏ వైపు నడిపించే చికిత్స మిగతా చికిత్సలకు తీసిపోదని, కొన్నిచోట్ల వాటికంటే మెరుగని తేలింది.

ఆఫీసువాళ్లు చూస్తారన్న భయానికి ఒకటే చెబుతాను. ఎవరు వచ్చారో, ఏం చెప్పారో బయట పలకకపోవడం అక్కడ ప్రాణంతో సమానమైన నియమం. మా కంపెనీ మేనేజరు ఒకరు మా గ్రూపుకు వచ్చేవారు. ఆఫీసులో మేమిద్దరం ఆరేళ్లపాటు లెక్కల గురించి తప్ప మరేమీ మాట్లాడుకోలేదు.

జారిపోవడం గురించి దాచకుండా చెబుతాను. ఐదు నెలలు బాగానే ఉండి, 2010 సంక్రాంతికి ఊరెళ్లాను. మీకు ఆ వాతావరణం తెలుసు. పందేల బరి పక్కన గుడారం, పండక్కి వచ్చిన బావమరుదులు, "బెంగళూరు వెళ్లి పెద్దవాడివైపోయావా, ఒక్కటి" అనే మాట. ఒక్కటే తాగాను. పండగ తర్వాత రెండు వారాలు మంచం దిగలేదు. ఫిబ్రవరిలో తిరిగి మీటింగుకు వెళ్లినప్పుడు ఆ పెద్దాయన "వచ్చావా, కూర్చో" అన్నాడు, అంతే. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా మందు ముట్టలేదు. మీరు జారితే మర్నాడే వెళ్లండి, సిగ్గుతో నెల రోజులు ఆగకండి. మొదటి ఏడాది పండగలకు, పెళ్లిళ్లకు వెళ్లక తప్పకపోతే భోజనాల వేళకు వెళ్లి చీకటి పడకముందే బయలుదేరండి, తిరుగు బస్సు టికెట్టు ముందే కొనుక్కోండి. కడుపు మాడ్చుకుని మాత్రం ఎక్కడికీ వెళ్లకండి. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట అనే నాలుగూ మనల్ని సీసా దగ్గరికి తీసుకెళ్తాయని గ్రూపులో మొదట నేర్పుతారు. నా అనుభవంలో ఆకలిదే మొదటి స్థానం.

మీ ఇంటావిడ విషయం. ఆమెకు ఫోను చేసి పాప మీద ఒట్టు వేయకండి. అలాంటి ఒట్లు ఆమె ఇప్పటికే చాలా విని ఉంటుంది. "ఫలానా రోజు మీటింగుకు వెళ్లాను" అని, వెళ్లి వచ్చాక చెప్పండి, వెళ్లకముందు చెప్పకండి. తాగేవాళ్ల ఇంటివాళ్ల కోసం 1951 నుంచి ఆల్-అనాన్ అనే వేరే సంస్థ ఉంది, ఇష్టమైతే ఆమె అందులో చేరవచ్చు. ఆ మాట మీకంటే డాక్టరు చెబితే బాగుంటుంది. మీ అత్తగారి వైపు ఎవరైనా కూరలో కలిపి పెట్టే పొడుల గురించి, మాత్రల గురించి చెబితే వద్దని గట్టిగా చెప్పండి. అలా తెలియకుండా పెట్టేవాటిలో, తాగుడు మాన్పించడానికి వాడే డైసల్ఫిరామ్ అనే మందు ఉండవచ్చు. అది ఒంట్లో ఉండగా తాగితే వాంతులు, గుండెదడతో మొదలై రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. చివరి మోతాదు వేసుకున్న రెండు వారాలదాకా ఆ ప్రమాదం ఉండవచ్చు. డాక్టరు పర్యవేక్షణలో, తాగేవాడికి తెలిసి, అతని ఇష్టంతో వాడినప్పుడే అది మందు.

మీరు చేయవలసిన వరుస చెబుతాను: ఈ రోజు డాక్టరుకు ఫోను, రేపు ఆసుపత్రి, ఆయన సరేనన్న రోజున మీటింగు. ఆసుపత్రిలో ఉంచితే, ఏఏ వాళ్లను అక్కడికే వచ్చి కలవమని అడగవచ్చు. మాలాంటివాళ్లం అలా వెళ్తూనే ఉంటాం. గదికి వెళ్లే రోజున చేతులు ఇంకా వణుకుతుంటే, టీ పోసే మనిషికి సగం గ్లాసు చాలని చెప్పండి. ఎందుకని అడగరు.